రలిత్సా పేరు పక్కన పచ్చచుక్క

జనవరి 9

లూబెన్ మళ్ళీ ఫోన్ చేశాడు. తీయలేదు.

జనవరి 10

తీశాను. తీయకపోతే రోజూ చేస్తాడు, మొండిఘటం. "రూసె ఊళ్ళో ఆ లూబెన్ లేకపోతే మా ఫోరం ఏనాడో మూతపడేదమ్మా" అనేది నా కూతురు రలిత్సా. మంచివాడే కావచ్చు. కానీ క్రిస్మస్ దగ్గర్నుంచి ఒకటే పాట.

"పిన్నీ, మార్చి ఒకటో తారీకున పాత సర్వర్ ఆపేస్తున్నారు. మన సాఫ్ట్‌వేర్ పదిహేనేళ్ళ నాటిది. దీన్ని ఇక ఎవరూ తమ దగ్గర పెట్టుకోనివ్వరు. కొత్తదానికి మారిపోవాలి. ఫోరం యజమాని రలిత్సా, ఆవిడ పాస్‌వర్డ్ నీ దగ్గరుంది. నువ్వు సరేనంటే తప్ప నేను వేలు పెట్టలేను."

"అది పోయి ఏడాది తిరగలేదు నాయనా."

"ఎప్పటికి తిరుగుతుంది?"

"మార్చి పద్నాలుగుకి."

మెల్లిగా, "పదమూడు రోజులే కదా పిన్నీ తేడా" అన్నాడు.

"పదమూడైనా ఒకటైనా. ఏడాది లోపల నా బిడ్డది ఏదీ కదపను."

ఫోన్ పెట్టేశాను. మాట గట్టిగానే అన్నాను.

జనవరి 11

పొద్దున కాఫీ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రలిత్సా పేరు కొట్టాను. పాస్‌వర్డ్ కొట్టాను, ఒక వేలితో. తెరుచుకుంది. ఆమె లోపల ఉన్నట్టు పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. కాఫీ తాగాను.

పది రాతలు చదివాను. రోజుకు పది, అంతకు మించి చదవను. ఈ ఫోరంలో పద్నాలుగేళ్ళలో పదకొండు వేలు రాసింది. మూడు వేలు అయ్యాయి. ఇంకా రెండేళ్ళకు పైగా వస్తాయి. ఇవాళ్టివన్నీ ఎవరో ఆమెతో జేబు ఎలా అల్లాలో వాదులాడినవి. ఎంత పొగరుగా జవాబిచ్చిందో! నా కూతురే.

ఇంట్లో మిషన్ పెట్టుకుని స్వెటర్లు అల్లేవాళ్ళ ఫోరం ఇది. "రెండు వరుసలు" అని పేరు. పేరు నేనే పెట్టాను. "అమ్మా, ఒక పేరు చెప్పు" అంది. నేను మిరపకాయలు కాలుస్తున్నాను, పొగ కళ్ళలోకి కొడుతోంది. నేను పనిచేసిన స్వెటర్ల ఫ్యాక్టరీలో మిషన్‌కి సూదులు ఎదురెదురుగా రెండు వరుసలు ఉండేవి. ఆ మాటే అనేశాను. అదే పెట్టేసింది.

జనవరి 14

పది రాతలు. పచ్చచుక్క. బయట మంచు.

జనవరి 17

పక్కింటి త్సోంకా వచ్చింది. సంగతి చెప్పాను. భర్తనీ, ఇద్దరు అన్నదమ్ములనీ సాగనంపిన మనిషి. ఇలాంటి పద్ధతులు ఆమెకే తెలుసు.

"ఆ ఫోరం ఎక్కడుందే?"

"కంప్యూటర్లో."

"కంప్యూటర్ ఎక్కడికైనా పోతోందా?"

"పోదు."

"మరి మార్చేదేంటి?"

"ఇల్లు అలాగే ఉంటుందట. దాని కింది నేల మారుస్తారట."

"అయ్యో తల్లీ, నేలా! ఏడాది లోపల నేల తవ్వుతారా ఎవరైనా? దాని ఆత్మ తిరిగొచ్చి గుమ్మం వెతుక్కోవద్దూ? కుర్చీ కూడా జరపకు. ఆ లూబెన్ ఎవడో, వాడికి తల్లి లేదా?"

నేనన్నదే ఆమె కూడా అంది. మనసు కుదుటపడింది. సంచీలో పచ్చడి సీసా పెట్టి పంపాను.

జనవరి 20

లూబెన్ ఫోరంలో ఓటింగ్ పెట్టాడు. వీళ్ళకు మొదటినుంచీ ఇదే అలవాటు. ఏ చిన్న సంగతైనా ఓటుకు పెడతారు. చివరికి ఫోరం రంగు నీలమా, ఆకుపచ్చా అన్నదానికి కూడా ఒకప్పుడు ఓట్లు వేసుకున్నారు. "కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారదామా? అవును, కాదు." సాయంత్రానికి మారదామని నలభై, వద్దని ఆరు.

నన్ను దాటి పోదామని చూస్తున్నాడు. నేను ఏడో తరగతి చదివినదాన్ని అని.

జనవరి 21

ఓటు వేశాను. కాదు.

జనవరి 22

ఓటు కింద పేర్లు కనిపిస్తాయట. నాకు తెలియదు. దేవుడా, నాకు తెలియదు. "కాదు" అన్నవాళ్ళ వరుసలో ఏడోది రలిత్సా, ఆ నవ్వే ఫోటోతో.

నిన్న మధ్యాహ్నం నుంచి ఫోరంలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

లూబెన్ ఫోన్ చేశాడు.

"పిన్నీ, ఓటు నువ్వే వేశావు కదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మన దేశంలో చచ్చిపోయినవాళ్ళు పెద్ద ఎన్నికల్లోనే ఓటేస్తారు, ఫోరంలో వెయ్యరు." అని వెంటనే నాలుక కరుచుకున్నాడు. "క్షమించు పిన్నీ. నోరు జారింది. నేనొక గాడిదని."

నాకు నవ్వొచ్చింది. పది నెలల్లో మొదటిసారి. తర్వాత ఏడుపొచ్చింది. రెండూ అతను విన్నాడు.

"అందరికీ తెలుసు పిన్నీ. రోజూ ఏడింటికి ఆవిడ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. ఏప్రిల్ నుంచీ చూస్తున్నాం. వెలగ్గానే ఆడవాళ్ళు నాకు మెసేజ్ పెడతారు, తల్లిగారు లేచారు, బాగానే ఉన్నట్టున్నారు అని. నీకు చెప్పొద్దు అనుకున్నాం."

అందరికీ తెలుసా? సిగ్గుతో చచ్చాను. నైట్‌గౌనులో వీధిలోకి వచ్చేసినట్టు అనిపించింది.

జనవరి 23

కంప్యూటర్ తెరవలేదు.

జనవరి 24

తెరిచాను. ఎనిమిదింటికి తెరిచాను. ఏడింటికి కాదు.

"అవును" అన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ ఓటు మార్చుకుంటున్నారు. ఎవరూ కారణం రాయడం లేదు. ఇప్పుడు అవును పద్దెనిమిది, కాదు ఇరవై తొమ్మిది.

గెలిచాను.

జనవరి 30

అవును తొమ్మిది, కాదు ముప్పై ఎనిమిది. లూబెన్ ఫోన్ చెయ్యడం మానేశాడు. మంచిది. నాకు కావలసింది ఇదే. మార్చి ఒకటి తర్వాత ఏమవుతుందో అప్పుడు చూసుకోవచ్చు. కంపెనీల వాళ్ళు అలాగే బెదిరిస్తారు, కరెంటువాళ్ళు ఎన్నిసార్లు బెదిరించలేదు! పద్నాలుగు దాకా ఆగితే చాలు. అంతే కదా నేనడిగింది.

పది రాతలు. పచ్చచుక్క.

ఫిబ్రవరి 5

జ్లాట్కా అని ఒకామె ప్రశ్న పెట్టింది. డాన్యూబ్ నది పక్క ఏదో పల్లె. ఏదో ఫ్యాక్టరీ మూసినప్పుడు తుక్కు కింద అమ్మేసిన మిషన్ కొనుక్కుంది. మా ఫ్యాక్టరీలో ఉన్నలాంటిదే! ఎడమవైపు కుట్లు జారిపోతున్నాయట. నలభై సూదులు మార్చిందట, అయినా జారుతున్నాయట. మార్చి పదో తారీకుకల్లా బడి పిల్లల నాట్యానికి నలభై చొక్కాలు అల్లి ఇవ్వాలట. ఇవ్వకపోతే ఇంకెప్పుడూ తనని పిలవరట.

కింద ఒకాయన సలహా: "సూదుల మీద బండిని అటూ ఇటూ జరిపేటప్పుడు టిక్కుమని శబ్దం వస్తోందా? వినండి." ఆమె జవాబు: "అయ్యా, నాకు చెవులు వినపడవు. పాతికేళ్ళ నేత ఫ్యాక్టరీ మోత తిని పారేసింది. అందుకే ఇక్కడ రాసి అడుగుతున్నాను. నాకు ఫోన్ పనికిరాదు, ఈ ఫోరమే దిక్కు."

ఫోటో పెడదామని నాలుగుసార్లు ప్రయత్నించింది. పాత ఫోరం తీసుకోవడం లేదు. ఎర్ర అక్షరాలతో ఏదో తప్పు అంటోంది.

ఫిబ్రవరి 6

అందరూ సూదులు, దారం, నూనె అంటున్నారు. ఒక్కరూ కుంచె అనడం లేదు.

నాకు తెలుసు. ముప్పై ఒక్కేళ్ళు ఆ మిషన్ మీద నిలబడ్డాను. సూది కొన మీద చిన్న నాలుక ఉంటుంది. అది తెరిచి ఉంటేనే దారం లోపలికి పోతుంది. దాన్ని తెరిచి పట్టేది కుంచె, బండికి అటొకటి ఇటొకటి. కుంచె వెంట్రుకలు ఒక పక్కనే అరుగుతాయి. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. కింద అద్దం పెట్టి చూడాలి. మేము ఆరు నెలలకోసారి ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చేవాళ్ళం. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మేస్త్రీలకు కూడా తెలియదు, ఆడవాళ్ళకే తెలుసు.

జవాబు రాశాను. ఒక వేలితో గంట పట్టింది. పంపే బొత్తాం నొక్కబోతూ పైకి చూశాను. పైన రలిత్సా ఫోటో, రలిత్సా పేరు. నేను నొక్కితే మాట్లాడేది ఆమె.

చెరిపేశాను.

ఫిబ్రవరి 7

నా పేరుతో చేరదామని చూశాను. రలిత్సా పేరు తీసేసి బయటికొచ్చి, "కొత్త సభ్యులు" అన్నచోట నొక్కాను. ఒక కాగితంలాంటిది వచ్చింది: "దొంగ ప్రకటనల వల్ల కొత్త సభ్యులను చేర్చుకోవడం ఆపేశాం. మన్నించండి. రలిత్సా." ఆరేళ్ళ కిందటి తారీకు.

నా కూతురే తలుపు మూసింది.

లూబెన్‌కి నేనే ఫోన్ చేశాను. తలుపు తియ్యమన్నాను.

"తీస్తే గంటలో రెండువేల దొంగ పేర్లు చేరతాయి పిన్నీ. మందులు, జూదం, ఇంకా చెప్పకూడనివి. ఈ పాత తాళం ఎవడైనా గోటితో తీసేస్తాడు. ఉన్నవాళ్ళ పేర్లతోనే రోజూ వస్తున్నాయి, నేను చేత్తో తుడుస్తూ కూర్చున్నాను. మారదామని నేను ఊరికే ఏడుస్తున్నానా?"

"నాకు ఒక్కదానికి తియ్యి."

"ఒక్కరికే తియ్యడం దీంట్లో కుదరదు. పోనీ, ఏం రాయాలో చెప్పు. నేను పెడతాను."

చెప్పాను. రాసుకున్నాడు.

ఫిబ్రవరి 9

మగవాడికి కుంచె సంగతి చెప్పడం నాదే తప్పు. "కుంచెలు తిరగేసి పెట్టండి" అని రాశాడు. తిరగెయ్యడం కాదురా, అటుది ఇటు, ఇటుది అటు! పాపం జ్లాట్కా తలకిందులుగా బిగించింది. ఇంకో పన్నెండు సూదులు విరిగాయి.

"లూబెన్, నువ్వు నిజంగా గాడిదవే."

"నేను ముందే చెప్పాను కదా పిన్నీ."

"సరిచెయ్యి!"

సరిచేశాడు, చెప్పింది వేరే ఆవిడ అని కూడా రాశాడు. కానీ ఆమె ఎందుకు నమ్ముతుంది? "మొదట ఒకటన్నారు, ఇప్పుడొకటంటున్నారు. ఇది చెప్పిన ఆవిడ ఎవరు? ఆవిడ ఈ మిషన్ మీద పనిచేసిందా? బండి ఏ వైపు పోతున్నప్పుడు జారాలో ఆవిడనే చెప్పమనండి. ఆవిడ రాస్తేనే చేస్తాను." అని రాసింది. సరిగ్గా అడిగింది. నేనైనా అంతే అడిగేదాన్ని.

ఫిబ్రవరి 13

పది రాతలు చదవలేదు. రెండు చదివాను. కళ్ళు మాటిమాటికీ జ్లాట్కా పేజీకే పోతున్నాయి. మూడు చొక్కాలు చేతి సూదులతో అల్లిందట. వేళ్ళు వాచాయట.

ఫిబ్రవరి 16

లూబెన్‌ని అడిగాను, మారితే ఏమేం పోతాయని. ఇంతకుముందు ఒక్కసారీ అడగలేదు.

"రాతలు అన్నీ వస్తాయి. పదకొండు వేలూ. ఫోటోలు వస్తాయి. రంగు కాస్త మారుతుంది."

"ఆమె పేరు?"

"ఉంటుంది, ఫోటోతో సహా. కానీ పిన్నీ, యజమాని పేరుతో వేరేవాళ్ళు లోపలికి రావడం కొత్తదాంట్లో కుదరదు. ఆవిడ ఫోన్‌కి ప్రతిసారీ ఒక అంకె పంపుతుంది. ఆ ఫోన్ నంబర్ ఇప్పుడు లేదు కదా. ఆ ఖాతాకి తాళం వెయ్యాలి. ఎవరూ తెరవలేరు. నువ్వు కూడా."

"అయితే చుక్క?"

"వెలగదు."

ఏడాది అన్నాను. గుమ్మం అన్నాను. ఆత్మ అన్నాను. ఇవన్నీ చుక్క కోసమే. ఇక్కడ నాకు నేను అబద్ధం ఎందుకు రాసుకోవాలి?

ఫిబ్రవరి 17

పచ్చచుక్క. ఏడింటి నుంచి పదకొండు దాకా కూర్చున్నాను. ఏమీ చదవలేదు.

ఫిబ్రవరి 22

చనిపోయినవాళ్ళ శనివారం. ఉడికించిన గోధుమలు, రొట్టె, వైన్ తీసుకుని త్సోంకాతో శ్మశానానికి వెళ్ళాను. ఊరి ఆడవాళ్ళందరూ వచ్చారు. సమాధుల మధ్య ఒకరికొకరు పంచుకుంటున్నారు. నేను రలిత్సా రాయి దగ్గర కొవ్వొత్తి పెట్టి అలా నిలబడిపోయాను. గిన్నె చేతిలోనే ఉంది.

త్సోంకా కసిరింది. "ఇవ్వవే, ఇవ్వు! చేతిలోంచి చేతికి పోతేనే దానికి ముడుతుంది. గిన్నె పట్టుకుని ఇంటికి పోతే ఎవరికి ముడుతుంది, పిల్లికా?"

"నువ్వే కదా ఏదీ కదపొద్దన్నావు."

"కదపొద్దన్నాను, పట్టుకు కూర్చోమన్నానా? నలభయ్యో రోజున దాని కోటు, బూట్లు నీ చేత్తోనే పంచలేదూ? అప్పుడు గుమ్మం కదిలిందా?"

గిన్నెలోది మొత్తం పంచేశాను. ముక్కూమొహం తెలియని ఒక ముసలామె దోసిలి పట్టి, పోయినవాళ్ళ కోసం అనే మాట, "దేవుడు క్షమించాలి" అని, అక్కడే నోట్లో వేసుకుంది. ఆకలి మీద ఉన్నట్టుంది, మళ్ళీ చెయ్యి చాపింది.

ఫిబ్రవరి 23

లూబెన్‌కి పొద్దున్నే ఫోన్ చేశాను.

"మారుద్దాం."

"పిన్నీ? ఏడాది..."

"ఏడాది సంగతి నేను చూసుకుంటాను. ఏం నొక్కాలో చెప్పు. నేనే నొక్కుతాను. నువ్వు నొక్కితే కుంచెలు తిరగేస్తావు."

ముందు ఓటు మార్చాను. రలిత్సా, అవును. తర్వాత కింద రాశాను, ఆమె పేరు మీదే, ఇంకో దారి లేదు గనక: "ఇది రాస్తున్నది తల్లి పెనా. జనవరి ఓటు కూడా నాదే. తప్పు చేశాను. నా కోసం ఓటు మార్చుకున్నవాళ్ళు మళ్ళీ మీ ఇష్టం వచ్చినట్టు వెయ్యండి."

సాయంత్రానికి అవును యాభై మూడు. కాదు ఒకటి. ఆ ఒక్కరు ఎవరని అడిగితే, అల్బేనా ఊళ్ళో ఒక ముసలాయన, ప్రతిదానికీ కాదనే వేస్తాడట, నీలం రంగుకి కూడా.

ఫిబ్రవరి 25

రెండు రోజులుగా ఇదే పని. లూబెన్ ఫోన్‌లో చెప్తాడు, నేను నొక్కుతాను. ముందు మొత్తం నకలు దించాలి. నాలుగు గంటలు పట్టింది. సగంలో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. "వదిలెయ్ పిన్నీ, రేపు చూద్దాం" అన్నాడు. "ఫ్యాక్టరీలో షిఫ్టు మధ్యలో ఎవరు వదిలేశారు?" అన్నాను. రెండోసారి పూర్తిగా దిగింది.

ఫిబ్రవరి 26

ఆఖరుగా ఒక ప్రశ్న వచ్చింది. తెల్లటి చదరంలో: "యజమాని ఖాతా మూసివేయాలా?" కింద రెండు బొత్తాలు.

ఫోన్‌లో లూబెన్ ఊపిరి వినబడుతోంది.

పాత ఫోరంలో ఆమె చుక్క ఇంకా పచ్చగానే ఉంది. చూశాను, తనివితీరా చూశాను. "పోయి రా, అమ్మడూ" అన్నాను, పైకే అన్నాను. నొక్కాను.

ఫిబ్రవరి 27

కొత్త ఫోరం తెరుచుకుంది. రంగు నాకు నచ్చలేదు. అక్షరాలు పెద్దవి, అది బాగుంది.

చేరాను. పేరు: పెనా. ఊరు: సెవ్లియెవో. మీ గురించి అని అడిగింది. "రెండు వరుసల మిషన్ మీద ముప్పై ఒక్కేళ్ళు" అని రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు.

జ్లాట్కాకి రాశాను: "అమ్మా, కుంచె చెప్పింది నేనే. బండి కుడి నుంచి ఎడమకి పోతున్నప్పుడే జారుతున్నాయా? తిరిగి వచ్చేటప్పుడు జారడం లేదు కదూ? అయితే కుంచే. బండి కింద చేతి అద్దం పెట్టి చూడు, వెంట్రుకలు లోపలి వైపు అరిగి ఉంటాయి. ఎడమది విప్పి కుడికి, కుడిది ఎడమకి పెట్టు. తలకిందులు చెయ్యకు. చూసి ఫోటో పెట్టు. ఇక్కడ ఫోటోలు ఎక్కుతాయి."

ఫిబ్రవరి 28

ఫోటో పెట్టింది. అద్దంలో కుంచె. ఒక పక్క గుండు కొట్టినట్టు ఉంది! "అవును, ఎడమకి పోయేటప్పుడే. మీకెలా తెలుసు? రెండు వందల వరుసలు అల్లాను, ఒక్కటీ జారలేదు. మీ జవాబు రలిత్సా జవాబులాగే ఉంది, మీరు ఆమెకి ఏమవుతారు?"

తల్లిని అని రాశాను.

మార్చి 2

పాత ఫోరం ఉన్నచోట తెల్ల పేజీ. ఏమీ లేదు. కొత్తదాంట్లో ఆమె రాతలు వెతికి చూశాను. అన్నీ ఉన్నాయి. ఇవాళ ముప్పై చదివాను. లెక్క పెట్టుకుని చదవాలని అనిపించలేదు.

మార్చి 11

జ్లాట్కా నలభై చొక్కాలూ ఇచ్చేసింది. బడివాళ్ళు వచ్చే ఏడాదికి కూడా చెప్పారట.

మార్చి 14

ఏడాది. తలుపు మీద, వీధి స్తంభం మీద పోయి ఏడాది అయిందని ఆమె ఫోటోతో కొత్త కాగితం అంటించాను. శ్మశానంలో పదిమంది. రూసె నుంచి బస్సులో లూబెన్ వచ్చాడు. చూసి నోరు తెరిచాను. బట్టతల, చేతికర్ర, అరవై దాటాయి. నాకంటే మూడేళ్ళే చిన్న!

"ఇన్నాళ్ళూ పిన్నీ పిన్నీ అని పిలిచావేమయ్యా?"

"రలిత్సా నాకు చెల్లెల్లాంటిది. చెల్లెలి తల్లిని ఇంకేమని పిలవాలి?"

"నలభై లోపువాడివనుకుని నిన్ను గాడిదా అన్నాను."

"అరవై దాటినా అంతే పిన్నీ. గాడిదతనానికి వయసేముంది?"

గోధుమలు అతని చేతిలో పోశాను.

మార్చి 15

పొద్దున ఏడింటికి కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి అలవాటుగా ఆమె పేరే కొట్టింది. "ఈ ఖాతా మూసివేయబడింది" అంది. కాసేపు ఆ మాట వైపే చూశాను. కాఫీ చల్లారింది, మళ్ళీ వేడి చేసుకున్నాను. నా పేరు కొట్టాను.

నా జవాబు కోసం ముగ్గురు ఎదురు చూస్తున్నారు. ఒకామె కాలర్ ఎందుకు వంకర పోతుందని అడుగుతోంది. జవాబు మొదలుపెట్టాను. పెద్దది. మధ్యాహ్నం దాకా పడుతుంది.